ముందు కారణం, తర్వాత పానా

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

వృత్తిలో నేర్చుకున్నదేదైనా పిల్లలకు పనికొచ్చేలా చెప్పమన్నారు కార్యదర్శిగారు. నేను ముప్ఫయ్యేళ్లుగా విద్యుత్ కేంద్రంలో మెయింటెనెన్స్ ఇంజినీరుని. టర్బైన్ల సంగతి ఎత్తుకుంటే భోజనాలకు పిలవకముందే సగంమంది లేచి వెళ్లిపోతారు. అందుకని మా ఇంటి వసారాలో ఉన్న బుల్లెట్టు గురించి చెబుతాను. మా నాన్నగారు కొన్న 1984 మోడల్ బండి. ఇప్పుడు నేను నడుపుతున్నాను. రిపేర్లు కూడా చాలామటుకు నేనే చేసుకుంటాను. పెద్ద యంత్రానికైనా చిన్న యంత్రానికైనా రోగం కనుక్కునే పద్ధతి ఒకటే.

బుల్లెట్టు పుట్టింది ఇంగ్లండులో. మన సైన్యానికి బండ్లు కావలసివచ్చి 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది. తర్వాత అక్కడి కంపెనీ మూతపడింది, ఇక్కడిది నిలబడింది. నా బండి ఇంజను 346 సీసీ. సిలిండరు వ్యాసం 70 మిల్లీమీటర్లు, పిస్టను ప్రయాణం 90 మిల్లీమీటర్లు. దశాబ్దాలపాటు ఈ ఇంజను స్వరూపం పెద్దగా మారలేదు. అందుకే నలభై ఏళ్ల బండికి కూడా ఇవాళ సామాను దొరుకుతోంది.

ఈ బండి స్టార్ట్ చేయడమే ఒక పాఠం. బలం ఉన్నంత మాత్రాన కిక్కు పడదు. హెడ్‌లైటు దగ్గర ఆమ్మీటరు ఉంటుంది. తాళం తిప్పి, కిక్కును మెల్లగా కిందికి తొక్కుతూ ఆ ముల్లును చూడాలి. పాయింట్లు మూసుకుని ఉన్నంతసేపు ముల్లు ఎడమకు వాలి ఉంటుంది. పాయింట్లు విడగానే మధ్యకు వస్తుంది. అంటే పిస్టను దాదాపు పైకి చేరిందన్నమాట. అప్పుడు డీకంప్రెసర్ లీవరు పట్టుకుని కొంచెం ముందుకు జరిపి, లీవరు వదిలి, కిక్కును పైకి రానిచ్చి ఒక్క తొక్కు తొక్కాలి. ఇంజను విప్పకుండానే లోపల పిస్టను ఎక్కడుందో ఆ ముల్లు చెబుతుంది. ఇది తెలియనివాడికి బండి ఎదురు తన్ని కాలు విరిగినంత పని చేస్తుంది.

ఇక అసలు విషయం. పదేళ్ల కిందట ఈ బండికి ఒక జబ్బు పట్టుకుంది. ఆరేడు కిలోమీటర్లు బాగా నడిచేది, తర్వాత ఆగిపోయేది. పావుగంట చెట్టుకింద కూర్చుంటే మళ్లీ స్టార్టయ్యేది. షెడ్డులో ఇస్తే ప్లగ్గు మార్చారు. తర్వాత కండెన్సరు, ఆ తర్వాత కాయిలు మార్చారు. కార్బొరేటరు రెండుసార్లు కడిగారు. జబ్బు మాత్రం అలాగే ఉంది. నాన్నగారు విసిగిపోయి "ఎవరికైనా ఇచ్చేద్దాంరా" అన్నారు. పాత ఇనుము ధరకు అడగడానికి ఒకాయన ఇంటికి కూడా వచ్చాడు.

మా పవర్‌హౌసులో ఒక అలవాటుంది. యంత్రం ఆగిన చోటే, ఆగిన వేళలోనే చూడాలి. చల్లారాక చూస్తే రోగి లేచి కూర్చుని నాకేం లేదంటాడు. ఒక ఆదివారం నాలుగు పానాలు, ఒక పాత ప్లగ్గు జేబులో వేసుకుని బయల్దేరాను. అలవాటు ప్రకారం బండి ఊరి బయట ఆగింది. ఇంజను నడవాలంటే మూడే కావాలి: పెట్రోలు, నిప్పురవ్వ, కంప్రెషను. కిక్కు కాలికి గట్టిగానే తగులుతోంది కాబట్టి కంప్రెషను ఉంది. పాత ప్లగ్గును వైరుకు తగిలించి ఇంజనుకు ఆనించి తొక్కితే నీలిరంగు రవ్వ వచ్చింది. కండెన్సరు, కాయిలు నిర్దోషులని తేలిపోయింది. ఇక మిగిలింది పెట్రోలు. కార్బొరేటరు దగ్గర పైపు పీకితే నాలుగు చుక్కలు పడి ఆగిపోయాయి. ట్యాంకులో చూస్తే సగం పైనే ఉంది. మూత తిప్పగానే గాలి "హుస్" మని లోపలికి పోయింది. పైపులోంచి పెట్రోలు ధారగా కారింది.

ట్యాంకు మూతకు గాలి పోయే సన్నటి రంధ్రం ఉంటుంది. అది తుప్పుతో, మట్టితో పూడిపోయింది. పెట్రోలు కిందికి దిగేకొద్దీ పైన ఖాళీ అయిన చోటికి గాలి రావాలి. రాకపోతే లోపల పీడనం తగ్గి పెట్రోలు దిగడం ఆగిపోతుంది. పావుగంట ఆగితే సందుల్లోంచి కాస్త గాలి దూరి మళ్లీ దిగుతుంది. గుండుసూదితో పొడిస్తే రంధ్రం తెరుచుకుంది. పైసా ఖర్చు లేదు. నాన్నగారు బేరం మానుకున్నారు. ఆయన పోయి ఆరేళ్లయింది. బండి మాత్రం ఇంట్లోనే ఉంది.

ఈ సంగతి నాకు ఇంజినీరింగ్ కాలేజీలో చెప్పలేదు. ఇదే బడిలో తొమ్మిదో తరగతిలో మన సైన్సు మాస్టారు నూనె డబ్బా తెచ్చి, ఒక్క చిల్లు పెడితే నూనె గుడగుడమంటూ ఆగి ఆగి ఎందుకు పడుతుందో, రెండో చిల్లు పెట్టగానే ధారగా ఎందుకు వస్తుందో మాచేత చెప్పించారు. అట్లాస్ పుస్తకాలు, చార్టులు ఏవీ గుర్తు లేవు గాని ఆ డబ్బా గుర్తుంది. మాస్టారూ, మా బండిని నిలబెట్టింది మీ నూనె డబ్బానే.

పాత బండి ఉన్నవాళ్లకు రెండు మూడు మాటలు. ఒకసారికి ఒక్కటే మార్చండి. రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగైందో తెలియదు. పాయింట్ల ఖాళీ ఫీలర్ గేజితో 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య పెట్టుకోండి. ట్యాపెట్లు ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూడండి. పుష్‌రాడ్ రెండు వేళ్లతో తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. ప్లగ్గు కొస ఇటుకరంగులో ఉంటే మిశ్రమం సరిగ్గా ఉన్నట్టు. మసి పడితే పెట్రోలు ఎక్కువైనట్టు, తెల్లబడితే తక్కువైనట్టు. ఈ బండి ఊపుకు నట్లు వదులవుతాయి, బయల్దేరేముందు ఒకసారి చూసుకోండి. చేసిన ప్రతి పనీ తేదీతో ఒక నోటుబుక్కులో రాయండి.

హద్దులు కూడా తెలుసుకోవాలి. సిలిండరు బోరింగు, క్రాంకు పని లేతు ఉన్నవాళ్లకే ఇవ్వండి. పాత బ్రేక్ షూల పొడిని నోటితో ఊదకండి, అందులో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, తడిగుడ్డతో తుడవండి. డ్రమ్ము బ్రేకు ఇప్పటి డిస్కు బ్రేకులా పట్టదు. పైగా ఈ బండికి గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉంటాయి. కంగారులో అలవాటుకొద్దీ కుడికాలు నొక్కితే బండి ఆగదు, గేరు మారుతుంది. అందుకే కొత్తవాళ్లు ముందు ఖాళీ మైదానంలో తిప్పాలి. పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషను ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి, పొల్యూషన్ సర్టిఫికెట్టూ ఉండాలి. హెల్మెట్టు సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు అడగదలచుకున్నది. మా ఊళ్లో బుల్లెట్టు చప్పుడు విని జబ్బు చెప్పే మెకానిక్ భాయ్‌కి డెబ్భై దాటాయి. చూపు తగ్గింది. ఆయన దగ్గర నేర్చుకునే కుర్రాడు ఒక్కడూ లేడు. మన పిల్లలకు తెలివి తక్కువేం కాదు. విప్పి చూడటానికి వాళ్ల చేతికి వస్తువు దొరకడం లేదు. ఫోను అతికించి ఉంటుంది, రిమోటు పాడైతే పారేస్తాం.

స్వర్ణోత్సవ నిధితో బడి ముందు ఆర్చి కట్టాలని ఒక ప్రతిపాదన ఉంది. ఆర్చికి నేను అడ్డం కాదు. కాని ఆ ఖర్చులో కొంత తీసి, ఖాళీగా ఉన్న వెనక గదిలో ఒక గట్టి బల్ల, ఒక వైసు, రెండు సెట్ల పానాలు, ఒక మల్టీమీటరు పెడదాం. విప్పి బిగించుకోవడానికి మా ఇంట్లో ఉన్న పాత ఇంజను నేనిస్తాను. నెలకు రెండు శనివారాలు వచ్చి కూర్చుంటాను. ఆడపిల్లలూ మగపిల్లలూ అందరూ రావాలి. మనలో కరెంటు పని తెలిసినవాళ్లున్నారు, వడ్రంగం తెలిసినవాళ్లున్నారు, కుట్టుమిషను విప్పి బిగించగల అక్కలున్నారు. ఒక్కొక్కరు రెండు శనివారాలు ఇస్తే ఏడాది గడిచిపోతుంది.

మధ్యాహ్నం సర్వసభ్య సమావేశంలో ఈ మాట తీర్మానంగా పెడతాను. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి. ఎత్తిన చేతులకు మసి అంటుతుందని మాత్రం ముందే చెబుతున్నాను.

సెలవు.