సంగతి అందరిదీ, చెప్పిన తీరు ఒకరిది

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. ఒకరు మొదలుపెట్టిన వ్యాసాన్ని అందులో ఇంకెవరైనా దిద్దొచ్చు, పెంచొచ్చు. భద్రాచలం అడవుల గురించి, కొండరెడ్లనే గిరిజనుల గురించి అందులో రాయాలనుకునే మన కుర్రకారుకు ఈ నాలుగు మాటలు.

కొండరెడ్ల మీద మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ రాసిన పుస్తకం 1945లో వెలువడింది. ఆయన 1995లో కన్నుమూశారు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్లు హక్కు నిలుస్తుంది. అంటే 2055 చివరిదాకా. అనువదించి అచ్చేయాలన్నా అనుమతి కావాలి. అలాగని భయం అక్కర్లేదు. కొండరెడ్లు పోడు చేస్తారన్న సంగతి ఎవరి సొత్తూ కాదు. దాన్ని ఆయన చెప్పిన తీరే ఆయనది.

చిక్కల్లా ఇక్కడే. ‘గట్టు’ తీసి ‘ఒడ్డు’, ‘జీవిస్తారు’ తీసి ‘బతుకుతారు’ అని పెట్టి, సొంతమైపోయిందనుకుంటారు చాలామంది. వాక్యం అల్లిక అదే కదా! పాత గోడకు సున్నం కొట్టినట్టు. పుస్తకం చదివి మూసేయండి. ఇంట్లో చెల్లెలికి చెప్పినట్టు చెప్పుకుని, అదే రాయండి. పేర్లు, అంకెలు తర్వాత సరిచూసుకోవచ్చు. ఆధారం పేజీ సంఖ్యతో ఇవ్వండి. ఇచ్చాం కదా అని పేరాలకు పేరాలు ఎత్తిరాస్తే మాత్రం కుదరదు. అలాంటి పేరా తీసేయాల్సి వస్తే, దానిమీద మిగతావాళ్లు పడ్డ కష్టమూ పోతుంది.

భద్రాచల రామదాసుగా పేరుపడ్డ నేలకొండపల్లి గోపన్న కీర్తనలకు ఈ కాపీరైట్ బెడద లేదు, అవి 17వ శతాబ్దివి. వాటికి ఈ మధ్య ఎవరైనా పండితుడు వ్యాఖ్య రాస్తే, ఆ వ్యాఖ్య మాత్రం ఆయనదే.