న్యాయ విద్యార్థులకు కుటుంబ చట్టం ఎందుకు?



మన రైల్వే, తపాలా ఉద్యోగుల బిడ్డలు న్యాయ కళాశాలల్లో చేరడం నేడు అరుదైన సంగతి కాదు. ఏ శాఖలో ప్రత్యేక కృషి చేయదలచారని మేము అడిగినప్పుడల్లా, కంపెనీ చట్టమనో, పన్నుల చట్టమనో, కార్మిక చట్టమనో జవాబు వస్తుంది. కుటుంబ చట్టమని చెప్పేవారు బహు తక్కువ. ఆ రెండు పేపర్లు పరీక్ష గట్టెక్కడానికే వున్నాయని వారి భావన. విడాకుల వకీలు అనిపించుకోవడం కొందరికి నామోషీ కూడా. కార్మిక చట్టం అక్కరలేదని మేము అనబోము. కాని ఉద్యోగి కన్నుమూసిన మరునాడు ఆ ఇంటివారు వెతుక్కునేది కుటుంబ చట్టం ఎరిగిన మనిషినే.

ఒక్క ఉదాహరణ తీసుకుందాము. హిందూ ఉద్యోగి ఒకరు మొదటి భార్య జీవించి వుండగానే మరొకరిని వివాహమాడాడు. 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం ఆ రెండవ వివాహం చెల్లదు. అతడు సర్వీసులో వుండగా మరణిస్తే ఇద్దరు స్త్రీలు, ఇద్దరి బిడ్డలు ఒకే ఆఫీసు వరండాలో నిలబడతారు. ఇటువంటి తగవులు మన యూనియన్లకు కొత్త కావు. వివాహం చెల్లకపోయినా దాని మూలంగా పుట్టిన బిడ్డలు సక్రమ సంతానమేనని ఆ చట్టంలోని 16వ సెక్షను చెబుతున్నది. విద్యార్థి దానిని పరీక్షలో రాసి మరచిపోతాడు. అయితే రైల్వే బోర్డు 1992లో ఒక సర్క్యులరు ద్వారా అటువంటి బిడ్డలకు కారుణ్య నియామకం ఇవ్వరాదన్నది. ఆ సర్క్యులరును ఆ మేరకు కలకత్తా హైకోర్టు 2010లో కొట్టివేసింది. 2018 డిసెంబరులో యూనియన్ ఆఫ్ ఇండియా, వి.ఆర్. త్రిపాఠి కేసులో సుప్రీంకోర్టు కూడా, చట్టం సక్రమమని గుర్తించిన బిడ్డను ఆ ఒక్క కారణంపై తోసిపుచ్చరాదని తీర్పునిచ్చింది. ఉద్యోగం ఇచ్చి తీరాలని దీని అర్థం కాదు. దరఖాస్తును మిగిలిన అర్హతలను బట్టి పరిశీలించాలి. ఇక తల్లి సంగతి వేరు. చెల్లని వివాహపు భార్యకు ఫ్యామిలీ పింఛను హక్కు లేదని, ఆమె బిడ్డలకు మాత్రం వాటా వున్నదని రామేశ్వరీదేవి కేసులో 2000లోనే తేలింది. ఈ రెంటినీ కలగాపులగం చేసే వకీలు చేతిలో పడితే ఆ కుటుంబానికి ఏళ్లు వృథా అవుతాయి.

మా ఫిర్యాదు పాఠం చెప్పే తీరు మీద కూడా వున్నది. మితాక్షర, దాయభాగ భేదాలు వారాల తరబడి బోధించి, మనోవర్తి పిటిషను రాయడం నేర్పకుండా పంపితే ఆ విద్య ఎవరికి? 2020 నవంబరులో రజనీష్, నేహా కేసు తీర్పు వచ్చిన పిమ్మట, మనోవర్తి వ్యాజ్యంలో ఇరుపక్షాలూ ఆస్తి, అప్పుల అఫిడవిట్ దాఖలు చేయవలసి వున్నది. పే స్లిప్పులో ఏది తప్పనిసరి కోత, ఏది తాను కోరి తెచ్చుకున్న అప్పు అన్నది అక్కడ కీలకం. ఈ విద్య మన క్వార్టర్లలో పెరిగిన బిడ్డకు ఏ ప్రొఫెసరూ నేర్పనక్కరలేదు!

1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం ప్రకారం ఆ కోర్టులో వకీలును పెట్టుకోవడం కక్షిదారుకు హక్కు కాదు; కోర్టు అనుమతించాలి. అందుచేత అక్కడ సంపాదన వుండదని కొందరు వెనుకాడుతున్నారు. సంపాదన స్వల్పమేనని మేమూ ఒప్పుకుంటాము. కాని రాజీకి ప్రయత్నించడం ఆ కోర్టు విధి గనుక, నిబంధనలు చక్కగా రాయగల వానికి అక్కడ పని తరగదు.

మూడవ సంవత్సరం విద్యార్థులకు ఒక సూచన. ఏ పక్షం కోరినా ఆ కోర్టు విచారణ ఆంతరంగికంగా జరుగుతుంది. వెళ్లి బెంచీ మీద కూర్చుని చూద్దామంటే కుదరదు. కళాశాల న్యాయ సహాయ కేంద్రం ద్వారా జిల్లా న్యాయ సేవల సంస్థను ఆశ్రయించండి. 1987 నాటి చట్టం క్రింద స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత సహాయం లభిస్తుంది గనుక, మీరు నేర్చుకోవలసిన కేసులు అక్కడికే వస్తాయి. పాత పుస్తకాలు కొన్నవారు ఒకటి దిద్దుకోవాలి: మనోవర్తికి సంబంధించిన 125వ సెక్షను 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షను అయింది.