మగ్గముచెంత నేర్చిన విద్య



 మేము పండితులము గాము; గుంటమగ్గముచెంత పుట్టి పెరిగినవారము. ప్రతిదినమును తెల్లవాఱకమున్నే నాడె చప్పుడు విని మేలుకొనుచుంటిమి. తల్లిగారు పొయ్యిమీద గంజి కాచుచుండగా నది మా యాకలికో పడుగునకో తెలియక యెదురుచూచుచుంటిమి.

మన యింట వృత్తి వేఱు, కళ వేఱు గాదు. పోచంపల్లి, పుట్టపాక నేతగాండ్ర చిటికి పనిని జూడుడు. వస్త్రము నేయకమున్నే నూలుపోగులను గొలతప్రకారము కట్టి రంగులలో ముంచుదురు. కట్టినచోట రంగు పట్టదు. పిదప నేయునప్పుడు ఆ పోగులొకదానిసరస నొకటి చేరి పువ్వగును, చిలుకయగును. వెండ్రుకవాసి తప్పినను బొమ్మ చెదరును. అక్షరము రాని పెద్దలును ఈ లెక్కను మనసుననే యుంచుకొనిరి.

ఇట్టి విద్య గలవారమయ్యు మనమే దాని విలువ మఱచితిమి. ఒప్పుకొనుటకు సిగ్గగుచున్నది గాని చెప్పక తప్పదు. బడిలో ఉపాధ్యాయులు తండ్రి వృత్తి యేమని యడుగగా, "బట్టల వర్తకము" అని బొంకితిమి. ఆనాడు మేము తొడుగుకొన్న చొక్కా గుడ్డ తండ్రిగారు నేసినదే! ఇల్లు చేరి మగ్గమువైపు చూడలేకపోతిమి.

మఱియొక మఱపు ఇంతకంటె పెద్దది. కండెలు చుట్టినది, ఆసు పోసినది, గంజి పెట్టినది మన స్త్రీలు. ఆసు పోయునపుడు ఒక్క చీరకే వేలమార్లు చేయి కదల్పవలయును. ఆలేరు ప్రాంతమువారగు శ్రీ చింతకింది మల్లేశముగారు తల్లి భుజములనొప్పి చూచి యోర్వలేక యేండ్లతరబడి శ్రమించి ఆసుయంత్రమును నిర్మించిరి. దానికి తల్లి లక్ష్మిగారి పేరే పెట్టిరి. 2017లో వారికి పద్మశ్రీ పురస్కారము లభించెను. ఇంటిలోని బాధను కన్నులార చూచినవారికే యిట్టి యూహ కలుగును.

2019-20 చేనేత గణనలో దేశమున 35 లక్షలకు పైబడిన కార్మికులు లెక్కకు వచ్చిరి. వారిలో నూటికి 70 మందికి మించి స్త్రీలే. అయినను మన యిండ్లలో నేతగాడనగా పురుషుడే. కండెలు చుట్టు నామె "ఇంటనే యుండును" అందుము. ఆమె పనికి కూలి కట్టువారెందరు?

కావున మా విన్నపములు రెండు. మన సంఘపు పట్టికలలో వృత్తిచేయు స్త్రీల పేర్లు కార్మికులుగానే వ్రాయవలయును. చీర వెల కట్టునపుడు వారి కూలిని వేఱుగా లెక్కింపవలయును. బిడ్డలు ఏ యుద్యోగమునకైనను బోవుదురుగాక. మగ్గము వారికి సంకెల గారాదు. తండ్రి వృత్తి యేమని యడిగినప్పుడు మాత్రము మావలె బొంకకుందురుగాక. తల్లి పనియు నేమని యడుగు దినము వచ్చుగాక.