పందెమున గెలుపెవరిది?

సంక్రాంతికి గుడివాడలో ఒంగోలుజాతి ఎడ్ల బండలాగుడు చూచినవారికి ఈ ప్రశ్న కొత్తది కాదు. నిర్ణీతకాలములో బండను ఎక్కువదూరము లాగిన జతదే గెలుపు. ఎడ్లకు బలమున్నను, కొసకు పోయి మరలునప్పుడు వానిని తడబడనీక త్రిప్పు తోలువాడు లేనిచో కాలమంతయు అక్కడనే హరించును.

మోటారు పందెములందును వివాదమిదియే. 2023లో ఫార్ములా వన్ పందెములు 22 జరుగగా, రెడ్ బుల్ వారి కార్లు 21 గెలిచినవి. కారు మేలిదనుటకు ఇంతకన్న సాక్ష్యమేల? అయినను వానిలో వెర్‌స్టాపెన్ గెలిచినవి 19. అట్టి కారునే నడపిన పెరెజ్ గెలిచినవి రెండే! అక్కడ చోదకునికొక బిరుదును, కారు నిర్మించినవారికి వేరొక బిరుదును ఇత్తురు. ఇది నాకు నచ్చిన పద్ధతి.

ఆ యేడే ఫిబ్రవరి 11న హైదరాబాదు హుస్సేన్‌సాగరు ఒడ్డున ఫార్ములా ఈ అను విద్యుత్కార్ల పందెము జరిగెను. అందరికిని చట్రమొక్కటే, బ్యాటరీ యొక్కటే. మోటారు మాత్రము అందరికిని ఒక్కటి కాదు. ఫ్రెంచి చోదకుడు వెర్న్ ఉన్న విద్యుత్తును పొదుపుగా వాడుకొనుచు, వెన్నంటి వచ్చు కాసిడీకి సందీయక, అరసెకను లోపు తేడాతో గెలిచెను. బండ్లు సమానమైనకొలది నేర్పు బయటపడును. పండ్లనుబట్టి ఎడ్లజతలను మనవారు వర్గములు చేయుటలోను ఈ న్యాయమే కలదు. కాని మనవద్ద జతను యజమాని పేరుననే పిలుతురు. రాబోవు సంక్రాంతికి తోలువాని పేరును గూడ మైకులో చదివింపుడని పందెము నడుపు పెద్దలను కోరుచున్నాను.