నొక్కే ముందు ఎందుకని అడగండి

పట్టాలు అందుకున్న మీ అందరికీ చెప్పాల్సింది ఒక్కటే కాబట్టి నేరుగా అందులోకి వస్తాను.

నేను పల్నాడులోని రాజుపాలెం వాణ్ణి. ఉద్యోగమంతా వైర్‌లెస్ కమ్యూనికేషన్ పాఠం చెబుతూనే గడిపాను. ఆ పాఠం ఎప్పుడూ హవాయి విశ్వవిద్యాలయంతో మొదలుపెట్టేవాణ్ణి. 1971లో వాళ్లు వేర్వేరు దీవుల మీదున్న క్యాంపస్‌లను రేడియో ద్వారా కేంద్ర కంప్యూటర్‌కు కలిపారు. నార్మన్ అబ్రామ్సన్ బృందం కట్టిన ఆ నెట్‌వర్క్, అలోహానెట్‌లో అందరూ ఒకే ఛానెల్ మీద పంపాలి. రెండు ప్యాకెట్లు ఢీకొంటే కాసేపాగి మళ్లీ పంపాలి. మీ హాస్టల్ వైఫైలో ఆ ఆలోచన ఇంకా బతికే ఉంది. 1990ల్లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం క్యాంపస్‌లో వైర్‌లెస్ నెట్‌వర్క్ పరిచింది. అప్పుడక్కడ కంప్యూటర్ సైన్స్ డీన్ మన కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు. 2008లో పల్లెటూరి పిల్లల కోసం మన ట్రిపుల్ ఐటీలు పెట్టినప్పుడు వాటిని నడిపే విశ్వవిద్యాలయానికి తొలి కులపతి కూడా ఆయనే.

ఎందుకని ప్రశ్న వేసేవాళ్లు కట్టింది ఈ వైర్‌లెస్ వ్యవస్థంతా. మరి మీరో? ఫోన్‌లో యాప్ ఏదైనా అనుమతి అడిగి, తెర మీద 'అలౌ' అని కనబడితే చాలు, చదవకుండానే నొక్కేస్తారు. టార్చిలైటు యాప్‌కు మీ కాంటాక్టులెందుకురా అంటే, "అడిగింది సార్, ఇచ్చాను" అంటారు. ముక్కూమొహం తెలియనివాడు అడిగితే ఇంటి తాళంచెవి ఇచ్చేస్తారా?

ఒక అబ్బాయి సంగతి చెబుతాను. మిర్చి రైతు కొడుకు, ఫైనలియర్. ఫీజుకు ఇంట్లో అడగలేక లోన్ యాప్‌లో ఐదువేలు తీసుకున్నాడు. ప్రాసెసింగ్ ఫీజని కోసుకోగా చేతికొచ్చింది మూడువేల చిల్లర. గడువు వారం. అది దాటగానే యాప్ వాళ్లు అతని కాంటాక్టుల్లోంచి నంబర్లు తీసి మేనమామకు ఫోన్, మిర్చి యార్డులో అతని ఇంటి సరుకమ్మే కమీషన్ వ్యాపారికి ఫోన్, ల్యాబులో పక్కన కూచునే అమ్మాయికి ఫోన్. ఆపైన అతని ఫొటో మార్ఫింగ్ చేసి అందరికీ పంపారు. పిల్లాడు క్లాసుకు రావడం మానేశాడు. నేను గదికి వెళ్లేసరికి ఫోన్ ఆపేసి దిండు కింద పెట్టి, గోడవైపు తిరిగి కూచున్నాడు. "నాన్నకు చెప్పొద్దు సార్" అన్నాడు. నా సర్వీసులో ఇంకే మాటా నన్నంత భయపెట్టలేదు. వాళ్ల నాన్నను నేనే పిలిపించాను. ఆయన వచ్చి, "అన్నం తిన్నావా?" అని అడిగారు. పోలీసులకు ఫిర్యాదిచ్చాం. అబ్బాయి పరీక్షలు రాశాడు.

2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు స్పష్టంగా చెప్పింది: అప్పిచ్చే యాప్ మీ కాంటాక్టులు, కాల్ లాగ్‌లు, ఫైళ్లు ముట్టుకోకూడదు. కెమెరా, లొకేషన్ వంటివి గుర్తింపు ధ్రువీకరణ (కేవైసీ) కోసం ఒక్కసారి, అదీ మీరు ఒప్పుకుంటేనే. 2023లో గూగుల్ ప్లే కూడా లోన్ యాప్‌లు కాంటాక్టులు, ఫొటోలు తీసుకోకూడదంది. కాబట్టి కాంటాక్టులు అడిగిన లోన్ యాప్‌ను ఆ క్షణమే తీసేయండి. వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్ల (యాప్‌ను ఇన్‌స్టాల్ చేసేవి) జోలికి అసలు పోకండి.

మీలో యాప్‌లు రాయబోయేవాళ్ల మీద నాకు కోపం కూడా ఉంది. ప్రాజెక్టు వైవాల్లో చూశాను. హాజరు వేసే యాప్, దానికి గ్యాలరీ కావాలి, మైకు కావాలి! ఎందుకయ్యా అంటే, కోడ్ ఎక్కడి నుంచో తెచ్చామని నేల చూపులు. నాలుగేళ్లు చదివింది ఇందుకా? 2023 డేటా రక్షణ చట్టం పనికి అవసరమైనంత సమాచారమే తీసుకోమంటోంది. రేపు ఆఫీసులో మేనేజర్ అన్ని పర్మిషన్లూ పెట్టేయమంటే, ఎందుకని అడగండి. ఆ ప్రశ్న అడగని ఇంజనీరును నేను ఇంజనీరు అనను.

ఇవాళ ఇంటికెళ్లాక అమ్మ ఫోను, నాన్న ఫోను తీసుకోండి. సెట్టింగ్స్‌లో పర్మిషన్ మేనేజర్ తెరిచి అక్కర్లేనివన్నీ ఆపేయండి. సైబర్ మోసంలో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలని వాళ్లకు నేర్పండి. మీకే అలాంటి కష్టం వస్తే దాచుకోకండి, ముందు ఇంట్లో చెప్పండి. ఇంట్లో చెప్పలేకపోతే మీ మాస్టార్ల దగ్గరికి రండి. ఏ వేళయినా రండి.