ముందు మొక్క పీకి చూద్దాం
(రైతు సంఘం సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



శనగ చేలల్లో అక్కడక్కడా మొక్కలు ఎండిపోతుంటే మనమంతా ఒకటే మాట అంటున్నాం: తెగులొచ్చింది. ఏ తెగులో చెప్పకుండా మందుల షాపుకు వెళ్తే, అక్కడ అమ్ముడుపోని డబ్బా మన చేతికొస్తుంది. కాబట్టి ముందు మొక్క పీకి చూద్దాం.

విత్తిన నెలన్నర లోపు, నేల తడిగా ఉన్నప్పుడు మొక్క చచ్చి, మొదట్లో తెల్లటి బూజు, ఆవగింజల్లాంటి గుండ్లు కనిపిస్తే అది మొదలు కుళ్ళు. ఆకులు వాలిపోయి, వేరు పైకి బాగానే ఉండి, నిలువునా చీల్చితే లోపల నల్లటి చార ఉంటే ఎండు తెగులు. పూత, కాయ దశలో మొక్క ఉన్నట్టుండి గడ్డిరంగు తిరిగి, పీకితే తల్లివేరు పుటుక్కున విరిగి సగం నేలలోనే ఉండిపోతే, పిల్లవేర్లు లేకపోతే, అది ఎండు వేరుకుళ్ళు. ఇప్పుడు మన నల్లరేగళ్ళను పీడిస్తున్నది ఈ మూడోదే.

ఎండు తెగులును తట్టుకునే విత్తనం వేశాం కదా, ఇంకేం భయం అంటారు కొందరు. జె.జి. 11 ఎండు తెగులును తట్టుకుంటుంది, నిజమే. వేరుకుళ్ళు బూజు వేరు, దాని పద్ధతి వేరు. నేలలో తడి ఆరిపోయి, ఎండ 30 డిగ్రీలు దాటితే అది విజృంభిస్తుంది. ఆలస్యంగా విత్తిన చేను సరిగ్గా ఆ ఎండకు దొరికిపోతుంది.

పంట మారిస్తే పోదా అంటే, ఏ పంటకు మారుస్తున్నామో చూసుకోవాలి. ఈ బూజు వందల రకాల మొక్కల మీద బతుకుతుంది. వేరుశనగలో వేరుకుళ్ళు, పత్తిలో వేరుకుళ్ళు దీని పనే. పెసర, మినుము, నువ్వు, పొద్దుతిరుగుడు కూడా దీనికి లొంగేవే. జొన్న గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కందిలో జొన్న అంతరపంటగా వేస్తే కంది ఎండు తెగులు తగ్గుతుంది, మన పెద్దల సాళ్ళలో ఆ తెలివి ఉంది. కానీ శనగను ఎండబెట్టిన ఈ బూజే, గింజ పాలుపోసుకునే వేళ బెట్టకొస్తే రబీ జొన్నలో నల్లకాడ తెగులు తెస్తుంది. ఒక తెగులుకు విరుగుడైన పంట ఇంకోదానికి ఇల్లవుతుంది. నీళ్ళు నిలబడే వరి మడిలో మాత్రం ఇది ఎక్కువకాలం నిలవలేదు. మెట్ట రైతుకు ఆ అవకాశం ఎక్కడిది!

నిలబడిన చేనులో పైన కొట్టే మందు వేరు దాకా పోదు. చేయగలిగిందంతా విత్తకముందే. కిలో విత్తనానికి 10 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి పట్టించాలి. 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, తడి ఆరకుండా నీడలో వారం పదిరోజులు ఉంచి, ఆఖరి దుక్కిలో చల్లాలి. కార్బెండజిమ్ పట్టించిన విత్తనానికే ట్రైకోడెర్మా పట్టిస్తే ఆ మంచి బూజు కూడా చస్తుంది. ప్యాకెట్ మీద గడువు తేదీ చూడండి.

ఇదంతా సొంత భూమి ఉన్నవాళ్ళకు చెప్పినంత తేలిక కాదు కౌలు రైతుకు. ఏడాదికి ఏడాది కౌలు. ముందే డబ్బు కట్టాలి. వచ్చే ఏడు ఆ చేను తన చేతిలో ఉంటుందో లేదో తెలియనివాడు ఎరువు ఎందుకు తోలతాడు, పంట ఎలా మారుస్తాడు? కౌలు తీరాలంటే మళ్ళీ శనగే వేయాలి. నేలలో బూజు ఏటేటా పెరగడానికి కౌలు పద్ధతి కూడా కారణమే. సాగుదారు కార్డు కావాలంటే 2019 చట్టం ప్రకారం భూయజమాని ఒప్పుకోవాలి. ఆ సంతకం ఎంతమందికి దొరుకుతోందో ఇక్కడ కూర్చున్నవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

పంటల బీమా కూడా ఊరి సగటో, మండలం సగటో చూస్తుంది. మన రెండెకరాలు మాడిపోయి పక్క చేలు పండితే, మనకు పైసా రాదు.

అందుకే మన సంఘం మూడు అడుగుతోంది. రాయితీ విత్తనంతో పాటే ట్రైకోడెర్మా ఇవ్వాలి. యజమాని సంతకం లేకుండా, గ్రామసభలో విచారించి కౌలుదారును గుర్తించాలి. తెగులుతో ఎండిన చేలను సర్వే నంబర్ల వారీగా నమోదు చేయాలి. వచ్చే సోమవారం ప్రతి ఊరి నుంచీ ఎండిన మొక్కలు వేర్లతో సహా పీకి, ఊరి పేరు, సర్వే నంబరు రాసిన చీటీ కట్టి, మండల వ్యవసాయ కార్యాలయానికి తీసుకురండి. ఇచ్చిన ప్రతి చీటీకీ రసీదు అడిగి తీసుకుందాం.