ఆడపిల్ల మోకాలికి దెబ్బ తగిలితే

(రోగుల బంధువులకు చేసిన ఆరోగ్య ప్రసంగం)



తొమ్మిదో తరగతి పాపను ఒకసారి వాళ్లమ్మ మా దగ్గరకు తీసుకొచ్చింది. కబడ్డీలో కాలు మెలికపడి అప్పటికి నెల దాటింది. నాటుకట్టు కట్టేవారి దగ్గర కాలు లాగించారు, నూనె పెట్టి రుద్దించారు. మెట్లు దిగేటప్పుడు మోకాలు జారిపోతున్నా పాప ఎవరికీ చెప్పలేదు. "ఎందుకు దాచావమ్మా?" అని అడిగితే, "చెబితే ఆట మాన్పిస్తారు సిస్టరమ్మా" అని ఏడ్చింది.

మన పెద్దకడుబూరు వైపు ఆడపిల్లలు కుస్తీ కన్నా కబడ్డీ ఎక్కువ ఆడతారు. పట్టు, లాగుడు, మెలిక రెండింటిలోనూ ఉన్నవే. పాదం నేలకు ఆనుకొని ఉండగా ఒళ్లు తిరిగితే మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే నార, అంటే లిగమెంటు, తెగుతుంది. ఒకే ఆట ఆడినా మగపిల్లలకన్నా ఆడపిల్లలకు ఈ ప్రమాదం ఎక్కువ. తొడ కండరాలు బలపడే వ్యాయామాలు, సరిగ్గా దూకడం నేర్పితే చాలావరకు తగ్గుతుంది.

దెబ్బ తగిలితే ఆట అయిపోయినట్టేనా? కాదు. కుస్తీ క్రీడాకారిణి వినేశ్ ఫోగట్‌కు 2016 రియో ఒలింపిక్స్‌లో కుడి మోకాలు మెలికపడితే స్ట్రెచరు మీద తీసుకుపోయారు. ఆపరేషన్ చేయించుకొని, నెలల తరబడి వ్యాయామం చేసి, 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచింది. 2023లో మళ్లీ మోకాలికి ఆపరేషన్ జరిగినా, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఫైనల్ దాకా వెళ్లింది. అక్కడ బరువు తగ్గడానికి రాత్రంతా తిండీ నీళ్లూ మానుకొని శ్రమపడింది. అయినా 100 గ్రాములు ఎక్కువని పోటీ నుంచి తప్పించారు. ఒంట్లో నీరు తగ్గి సెలైన్ ఎక్కించవలసి వచ్చింది. కాబట్టి బరువు కోసం పిల్లలను పస్తులుంచవద్దు.

ఇంట్లో ఇవి గుర్తుంచుకోండి:

1. మోకాలిలో 'టప్'మని శబ్దం వచ్చినా, కొన్ని గంటల్లోనే వాచినా వెంటనే ఆట ఆపించండి.

2. ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి 15–20 నిమిషాలు పెట్టండి. క్రేప్ బ్యాండేజీ చుట్టి, కాలు దిండు మీద ఎత్తుగా ఉంచండి.

3. మొదటి రెండు మూడు రోజులు వేడి కాపడం, నూనె మర్దన వద్దు. కాలు లాగించడం ఎప్పుడూ వద్దు.

4. ఎక్స్‌రేలో ఎముక బాగుందన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండవద్దు. తెగిన నార ఎక్స్‌రేలో కనపడదు. ఎముకల డాక్టరు చెబితే ఎం.ఆర్.ఐ. తీయించండి.

5. మెడ మీద పడి, చేతులు కాళ్లు తిమ్మిరెక్కాయంటే బిడ్డను కదిలించకుండా 108కి ఫోన్ చేయండి.

6. ఆపరేషన్ అయితే ఫిజియోథెరపీ మధ్యలో మానవద్దు. మళ్లీ ఆడటానికి సుమారు తొమ్మిది నెలలైనా పడుతుంది.

చివరగా ఒక్క మాట. నొప్పి చెప్పిన బిడ్డను "ఆడపిల్లకు ఆటలెందుకు" అని గద్దించకండి. గద్దిస్తే ఈసారి దాచుకుంటుంది. దాచిన దెబ్బే కుంటితనం తెస్తుంది. దేవుడిచ్చిన కాళ్లతో మన బిడ్డలు నడవాలి, పరుగెత్తాలి, ఆడాలి. ప్రభువు మీ ఇళ్లను దీవించును గాక.